రెండు మాటలకు మించకుండా

నాగరిక సమాజంలో ఎవరైనా వెళ్ళిపోవడానికి అర నిమిషం చాలు. తిరిగి రావడానికి మాత్రం మూడు ప్రతులు కావాలి. ఈ తేడా తెలియనివాళ్ళే ఇవాళ మా ఫుట్‌బాల్ అభిమానుల సంఘాన్ని ఆడిపోసుకుంటున్నారు. అలాంటివాళ్ళ కోసం, పదకొండేళ్ళుగా ఆ సంఘానికి కార్యదర్శిగా ఉన్నవాడిగా, జరిగింది జరిగినట్టు ఇక్కడ నమోదు చేస్తున్నాను. (అంతకుముందు నీటి సరఫరా కార్యాలయంలో తపాలా విభాగం చూసేవాణ్ణి. వచ్చిన ప్రతి కాగితం మీదా ముద్ర వేశాను. నీళ్ళు వచ్చాయా లేదా అన్నది వేరే విభాగం.)

సంగతి మా క్లబ్బు పాత స్ట్రైకర్ గురించి. ఆయన పేరు ఎవరూ పలకరు. తొమ్మిదో నంబరు అంటే ఊరంతటికీ తెలుసు. ఆరు సీజన్లు మాకు గోల్స్ కొట్టి పెట్టాడు. ఆ తరవాత ఆయనకు ఏదో అయింది. ఏమైందన్న దాని మీద మా నలభై ఏడు మంది సభ్యులకు యాభై రెండు అభిప్రాయాలున్నాయి. ప్రాక్టీసుకు రావడం తగ్గించాడు. వచ్చినరోజు కోచ్‌తో మాటా మాటా పెరిగేది. డ్రెస్సింగ్ రూం తలుపొకటి విరిగింది. చివరికి రెండేళ్ళ కిందట సెమీఫైనల్లో పెనాల్టీని గోల్‌పోస్టు మీదుగా ఆకాశంలోకి కొట్టాడు. అరవై మూడో నిమిషంలో బూట్లు విప్పి, సెంటర్ లైను మీద జతగా పెట్టి, మేజోళ్ళతోనే నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఆయన నడుస్తున్నంతసేపూ గ్యాలరీలో మూడువేల గొంతులు ఒకే నినాదం ఇస్తున్నాయి. "తొమ్మిదో నంబరూ, ఇంటికి పో! దారి తెలియకుంటే అడిగి పో!" ఆ నినాదం రాసింది నేనే. మా సంఘం ఇంతవరకు ఎన్నో విజ్ఞప్తులు చేసింది. వెంటనే అమలైంది అదొక్కటే.

ఇలా ఉండగా ఒక మంగళవారం క్లబ్బు మేనేజరు నుంచి ఉత్తరం వచ్చింది. తొమ్మిదో నంబరు మళ్ళీ ఆడతానని అడిగాడట. కోచ్ పరిగెత్తించి చూసి, కాళ్ళు బాగానే ఉన్నాయన్నాడట. డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడి, మనసూ కుదుటపడిందన్నాడట. ఇక మేనేజరు ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆయన ఇన్నేళ్ళు మేనేజరుగా ఉన్నదే ఆ ఒక్క మాట ఎప్పుడూ అనకపోవడం వల్ల. అందుకని, అభిమానుల సంఘం సమ్మతి పత్రం జతచేస్తేనే దరఖాస్తును లీగ్ కార్యాలయం తీసుకునేలా ఏర్పాటు చేశానని రాశాడు. గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలు. రెండేళ్ళు ఆడని ఆటగాడి పేరును ఆ గంటతో లీగ్ రిజిస్టరులోంచి కొట్టేస్తారు. కొట్టేసిన పేరును మళ్ళీ ఎక్కించే పద్ధతి లేదు. అంటే ఆయన బతుకులో ఇంకెప్పుడైనా ఆడతాడా లేదా అన్నది మా కాగితం మీద ఆధారపడి ఉంది.

మమ్మల్ని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ ఆనందంలో ఉత్తరం మీద ముద్ర రెండుసార్లు వేశాను.

మా సంఘానికి సొంత గది లేదు. అధ్యక్షుడిగారి కళ్ళజోళ్ళ షాపు మేడమీద, కళ్ళు పరీక్షించే గదిలో సమావేశమవుతాం. ఎదురు గోడకు అక్షరాల బోర్డు వేలాడుతుంటుంది. పై వరుస అందరికీ కనపడుతుంది, చివరి వరుస అధ్యక్షుడిగారికి కూడా కనపడదు. మంగళవారం సాయంత్రమే అత్యవసర సమావేశం పెట్టాం. (అత్యవసరానికి మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈసారికి నేనే మినహాయింపు ఇచ్చాను. నేను అంత కఠినుణ్ణి కాను.)

మొదట లేచింది డ్రైవింగ్ స్కూలు మాస్టారు.

"ఒకసారి నడిరోడ్డు మీద ఆగిపోయిన బండి మళ్ళీ ఆగుతుందండీ. పద్దెనిమిదేళ్ళుగా నేర్పుతున్నాను, నాకు తెలీదా?"

"ఆయన బండి కాదు మాస్టారూ, మనిషి," అంది పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసే మా సభ్యురాలు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చుంది.

"మనిషైతే మరీ ప్రమాదం అమ్మా. బండికైనా బ్రేకుంటుంది."

"సెమీఫైనల్‌కి ముందు రెండు మ్యాచుల్నుంచీ ఆయన చేతులు వణుకుతున్నాయని ఈ గదిలోనే చెప్పాను. నీళ్ళ సీసా మూత కూడా తీసుకోలేకపోయేవాడు. ఒక్కళ్ళయినా పట్టించుకున్నారా?"

ఆవిడ చెప్పినమాట నిజం. పాత మినిట్సు తిరగేసి చూశాను. "ఇతర అంశములు" కింద నమోదై ఉంది. ఆ రోజు ఇతర అంశాలకు సమయం చాలలేదు.

మాస్టారు రాజీకి వచ్చాడు. రానిస్తే రానివ్వొచ్చు గానీ, మొదటి ఆరు మ్యాచులూ చొక్కా వెనక ఎర్రటి ఎల్ బోర్డు కట్టుకుని ఆడాలన్నాడు. ఎదుటి జట్టువాళ్ళు దూరం పాటిస్తారు, అదీ మనకే లాభం అన్నాడు. దాని మీద ముప్పావుగంట చర్చ జరిగింది. బోర్డు చొక్కాకి కట్టాలా, నిక్కరుకి కట్టాలా అన్నచోట ఏకాభిప్రాయం కుదరలేదు.

అప్పుడు మా బావమరిది చెయ్యెత్తాడు. మా సంఘం యాప్ తయారుచేసినవాడు అతనే. (ఆ యాప్ మ్యాచ్ ఎన్నింటికో చెబుతుంది. సాధారణంగా మ్యాచ్ అయిపోయాక చెబుతుంది.)

"బావగారూ, ఇంత రభస ఎందుకు? యాప్‌లో ఓటింగు పెట్టేస్తాను. అయిదు నిమిషాల పని."

పెట్టాడు. నాలుగు జవాబులిచ్చాడు: రావాలి, రాకూడదు, వస్తే చూద్దాం, మేం ముందే చెప్పాం కదా. నాలుగోది ఎందుకని అడిగితే, జనం మనసులో ఉన్నదానికి చోటివ్వాలి కదా బావగారూ అన్నాడు. బుధవారం సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. రావాలి అన్నవాళ్ళు ఆరుగురు, రాకూడదు అన్నవాళ్ళు ఆరుగురు, వస్తే చూద్దాం అన్నవాళ్ళు అయిదుగురు. ఇరవై తొమ్మిది మంది ముందే చెప్పారు. ఏం చెప్పారని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నాను, ఎవరికీ గుర్తులేదు. మిగిలిన ఒక్క ఓటూ అధ్యక్షుడిగారిది. ఆయనకు ఇంకా ఓటీపీ రాలేదు.

ప్రజాభిప్రాయం ఇంత స్పష్టంగా వచ్చాక ఉపసంఘం వేయక తప్పలేదు. దానికి పశ్చాత్తాప నిర్ధారణ ఉపసంఘమని పేరు పెట్టాం. అధ్యక్షుడు, డ్రైవింగ్ మాస్టారు, నర్సమ్మ, నేను అందులో ఉన్నాం. ఒక మనిషి నిజంగా బాధపడుతున్నాడో లేదో కళ్ళతో చూసి చెప్పడం కష్టం. అందుకే ఒక ఫారం తయారుచేశాను. వెళ్ళిన తేదీ, వెళ్ళిన గేటు, వెళ్ళేటప్పుడు ధరించిన పాదరక్షలు (లేనిచో "లేవు" అని రాయవలెను), వెళ్ళుటకు కారణము (రెండు మాటలకు మించకుండా), తిరిగి వచ్చినచో మళ్ళీ వెళ్ళెదరా. ఫారాన్ని గురువారం ఆయనకు పంపించాం.

శుక్రవారం మధ్యాహ్నం ఆయనే వచ్చాడు.

ఇప్పుడు ఒక ఫర్నిచర్ గోదాములో బీరువాలు, సోఫాలు ఎత్తి లారీలకెక్కించే పని చేస్తున్నాడు. భోజనం విరామంలో వచ్చాడు. గోదాము యూనిఫాం మీదే ఉన్నాడు, మోచేతుల దాకా దుమ్ము. కింద షాపులో పనిచేసే అమ్మాయికి ఫుట్‌బాల్ తెలియదు. ఎవరో కళ్ళు చూపించుకోవడానికి వచ్చారనుకుని మేడమీదికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి చదవమంది. ఆయన ఏమీ అనకుండా చదవడం మొదలుపెట్టాడు. ఉపసంఘం లోపలికి వచ్చేసరికి చివరి వరుస చదివేస్తున్నాడు. అధ్యక్షుడు నోరెళ్ళబెట్టాడు. ఆ వరుసలో అక్షరాలున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

పెనాల్టీ తప్పడానికి చూపు మందగించడమే కారణమని డ్రైవింగ్ మాస్టారు రెండేళ్ళుగా వాదిస్తున్నాడు. ఇప్పుడు నా చెవి దగ్గరికి వంగి, "చూపు ఇంత బాగుండీ తప్పాడంటే కావాలనే కొట్టాడన్నమాట. రాసుకోండి," అన్నాడు. రాసుకున్నాను.

తొమ్మిదో నంబరు కుర్చీలోంచి లేచాడు. ముప్ఫై మూడేళ్ళవాడు. దగ్గర్నుంచి చూడటం నాకదే మొదలు. గ్యాలరీ నుంచి చూసినప్పుడు ఇంకా పెద్దమనిషిలా కనపడేవాడు.

"సార్, ఉత్తరం వచ్చింది. కాగితాల్లో రాయడం నాకు సరిగ్గా చాతకాదు. రెండు మాటలు చెప్పుకుని వెళ్ళిపోతాను."

"చెప్పు బాబూ," అంది నర్సమ్మ.

ఇక్కడ నేను జోక్యం చేసుకోవలసి వచ్చింది. మా నిబంధనల్లో పద్నాలుగోది ప్రకారం, సంఘం ముందు మాట్లాడే హక్కు సభ్యులకే ఉంది. సభ్యత్వం కావాలంటే గ్యాలరీలో కూర్చుని పది మ్యాచులు చూసినట్టు చింపిన టికెట్టు ముక్కలు జతచేయాలి. ఈ నిబంధన ఊరికే పెట్టింది కాదు. పూర్వం ఒకాయన సభ్యత్వం తీసుకుని మొదటి సమావేశంలోనే మన గోల్‌పోస్టు ఏదని అడిగాడు. సగం ఆటయ్యాక మారుతుందని చెబితే, మేం మాట మారుస్తున్నామని రాజీనామా చేశాడు.

"మ్యాచులు చూసినట్టు టికెట్టు ముక్కలేమైనా ఉన్నాయా బాబూ?" అని అడిగాను.

"నేను ఆ గ్రౌండులో నూట నలభై మ్యాచులు ఆడాను సార్."

"కాదనడంలేదు. ఆడటం వేరు, చూడటం వేరు. గ్యాలరీ నుంచి ఎన్ని చూశారు?"

"ఒక్కటీ లేదు సార్."

"మరి అదీ సంగతి. పది మ్యాచులు చూసి, ముక్కలు జాగ్రత్తగా దాచుకుని తీసుకురండి. మీరు చెప్పింది తప్పక వింటాం."

"సెక్రటరీగారూ," అంది నర్సమ్మ పళ్ళు బిగించి, "రేపే గడువు. పది మ్యాచులంటే అయిదు నెలలు."

"గడువు లీగ్‌ది అమ్మా. నిబంధన మనది. రెండూ పాటించాలి."

ఆవిడ ఇంకేదో అనబోయింది గాని తొమ్మిదో నంబరే వద్దన్నట్టు తల ఊపాడు. పెన్ను అడిగి తీసుకున్నాడు. బోర్డు పక్కన గోడకు కాగితం ఆనించి, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం పేర్చుకుంటూ ఫారం నింపాడు. వెళ్ళిన గేటు దగ్గర "పెద్ద గేటు" అని రాశాడు. పాదరక్షల దగ్గర "లేవు" అని రాశాడు. నాకిచ్చాడు. కారణం దగ్గర ఇలా ఉంది: "మీరు అరిచేవన్నీ నాకు వినపడేవి."

మాటలు లెక్కపెట్టాను. నాలుగున్నాయి.

"రెండు మాటలకు మించకూడదు బాబూ," అని వెనక్కి ఇచ్చాను.

ఆయన తీసుకుని మొదటి రెండు మాటలూ శుభ్రంగా కొట్టేసి మళ్ళీ ఇచ్చాడు. "నాకు వినపడేవి" అని మిగిలింది.

నా చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. ఒక సంగతి ఒప్పుకోవాలి. గ్యాలరీకీ మైదానానికీ మధ్య ఇనుప కంచె ఉంది. ఇన్నేళ్ళూ మా మాటలు ఆ కంచె దగ్గరే ఆగిపోతాయని మేమంతా అనుకుంటూ వచ్చాం. లోపలివాళ్ళకు హోరు తప్ప మాటలు తెలియవని, మేం అరిచేది మాకోసమేనని అనుకున్నాం. నేను రాసిన నినాదం, దారి తెలియకుంటే అడిగి పొమ్మన్న ముక్కతో సహా, ఆ మనిషి చెవిలో పడిందని నాకప్పుడే తెలిసింది. సిగ్గేసింది. సిగ్గుకు వరుస నంబరు వేసే పద్ధతి మా రిజిస్టరులో లేదు కనుక, ఫారం మీద ముద్ర వేసి "అందినది" అని రాశాను. ఆయన నమస్కారం పెట్టి గోదాముకు వెళ్ళిపోయాడు.

శనివారం రెండు గంటలకు సర్వసభ్య సమావేశం. కోరం పదకొండుమంది. పదిమంది వచ్చారు. పదకొండోవాడి కోసం మూడుదాకా చూశాం. చివరికి ఆ పదకొండోవాడు నా బావమరిదేనని, యాప్ చెప్పిన వేళకు వచ్చాడని తేలింది.

నర్సమ్మ లేచి ఫారం చదివింది. తేదీ, గేటు, పాదరక్షలు చదివింది. తరవాత ఆ రెండు మాటలూ చదివి, కొట్టేసిన రెండు మాటలూ కూడా చదివింది. (కొట్టివేసిన భాగాన్ని చదవడం పద్ధతి కాదు. నేను అభ్యంతరం చెప్పలేదు.)

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అందరం అక్షరాల బోర్డు వైపు చూశాం. డ్రైవింగ్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నా గొంతు కొంచెం పెద్దదండీ," అన్నాడు. "క్లాసులో అరిచి అరిచి అలవాటైపోయింది. ఆయన్ని రానివ్వండి. ఎల్ బోర్డూ వద్దు, ఏమీ వద్దు."

నాలుగూ పదికి ఓటింగు జరిగింది. పదకొండుమందీ చేతులెత్తారు. మా సంఘంలో ఏకగ్రీవంగా నెగ్గిన మొదటి తీర్మానం అది. లీగ్ కార్యాలయం నడిచి వెళ్తే పావుగంట దూరం. అధ్యక్షుడు నా భుజం తట్టాడు. ఆ క్షణంలో మేమంతా మంచివాళ్ళమని నాకనిపించింది, ఆ మాట కాదనలేను.

తీర్మానం నేను చదివాను. "తొమ్మిదో నంబరు ఆటగాడిని ఈ సంఘము క్షమించుచు, ఆయన పునరాగమనమునకు సమ్మతించుచున్నది."

"మనం క్షమించడమేంటండీ?" అంది నర్సమ్మ. "క్షమించమని అడగాల్సింది మనం."

"అవును, నిజమే," అన్నారు అందరూ. మాస్టారు అందరికంటే గట్టిగా అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. అయితే మా నిబంధనల్లో సంఘం క్షమించడానికి అవకాశం ఉంది గాని, క్షమాపణ అడగడానికి లేదు. అలాంటి అవసరం వస్తుందని సంఘం పెట్టినప్పుడు ఎవరూ ఊహించలేదు. కనుక ముందు నిబంధనను సవరించాలి. సవరణకు ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, మూడు ప్రతులు రాయాలి, మూడింటి మీదా సంతకాలు పడాలి.

"సవరణ రేపు చేసుకుందాం సెక్రటరీగారూ," అంది నర్సమ్మ. అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "ఉన్న కాగితమే ఇవ్వండి, పరిగెత్తి ఇచ్చేసి వస్తాను. క్షమించామని రాసినా ఆయనేమీ అనుకోడు. ముందు మనిషి పేరు నిలవనివ్వండి."

"తప్పని తెలిసిన కాగితం మీద ముద్ర ఎలా వెయ్యనమ్మా? ఆయనకు మనం ఇప్పటికే ఒకసారి అన్యాయం చేశాం. ఇదైనా సక్రమంగా చెయ్యాలి."

ఈ మాట నేను మనస్ఫూర్తిగా అన్నాను. అందరూ తలలూపారు.

సక్రమంగానే చేశాం. "క్షమాపణ" ముందు "హృదయపూర్వక" అని ఉండాలని అధ్యక్షుడన్నాడు, "బేషరతు" అని ఉండాలని మాస్టారన్నాడు. రెండూ పెట్టాం. మూడో ప్రతిలో "బేషరతు" జారిపోతే మళ్ళీ రాశాను. ముద్ర మీద తేదీ సరిచూసుకుని, మూడు ప్రతుల మీదా వంకర లేకుండా వేశాను. అంత అందమైన క్షమాపణ పత్రం ఈ చేతులతో నేను మరొకటి తయారుచెయ్యలేదు.

లీగ్ కార్యాలయం చేరేసరికి అయిదూ పన్నెండు. కిటికీ రెక్క వేసి ఉంది. తడితే గుమాస్తా లోపల్నుంచే, "అయిదంటే అయిదేనండీ. రిజిస్టరు మూసేశాం," అన్నాడు. నర్సమ్మ బతిమాలింది, కేకలేసింది, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మాత్రం ఆ గుమాస్తాను ఏమీ అనలేకపోయాను. ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

అక్కణ్ణుంచే ఆవిడ గోదాముకు వెళ్ళి ఆయనకు చెప్పి వచ్చింది. ఏమన్నాడని మర్నాడు అడిగాను.

"సరేనండీ అన్నాడు. సోఫా దించుతూ అన్నాడు," అంది. ఆ తరవాత ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఆ పై ఆదివారం మా మైదానంలో మ్యాచ్. ఆట మొదలవబోతుండగా ఎవరో వచ్చి నా పక్క సీటులో కూర్చున్నారు. చూస్తే తొమ్మిదో నంబరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టికెట్టు. జేబులోంచి క్షమాపణ పత్రం తీసి ఇచ్చాను. పూర్తిగా చదివి, "చాలా బాగా రాశారు సార్," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాటలో వెటకారమేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉన్నా బాగుండేది.

డెబ్బయ్యో నిమిషంలో మా కొత్త స్ట్రైకర్, పదకొండో నంబరు, ఖాళీ గోల్‌పోస్టు ముందు బంతిని బయటికి కొట్టాడు. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. వెనక వరసలోంచి డ్రైవింగ్ మాస్టారి గొంతు అందరికంటే పైకి వచ్చింది. "పదకొండో నంబరూ, ఇంటికి పో!" మూడువేలమంది అందుకున్నారు. నేనూ లేచే ఉన్నాను. నోరు కూడా తెరిచాను, నా నినాదమే కదా.

తొమ్మిదో నంబరు నా చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగాడు.

"సార్, అతనికి వినపడుతుంది."

నేను కూర్చున్నాను. ఆయన చెప్పింది సముచితంగానే తోచింది. అయితే సభ్యుడు కాని వ్యక్తి వెలిబుచ్చిన అభిప్రాయం కనుక దాన్ని మినిట్సులో చేర్చలేదు.

ఆట అయ్యాక ఆయన చింపిన టికెట్టు ముక్క చూపించి, ఇదే కదా సార్ దాచుకోమన్నది, అని అడిగాడు. అదేనన్నాను. ముద్ర ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది కనుక అక్కడికక్కడే వేసి ఇచ్చాను. ఇంకో తొమ్మిది మ్యాచులు చూస్తే, తను తిరిగి రావాలా వద్దా అన్న దాని మీద మాట్లాడే హక్కు ఆయనకు వస్తుంది.